వేడెక్కే బ్యాటరీతో మూడు చలికాలాలు

మా క్యాంపింగ్ ట్రైలర్‌లో పాత లెడ్ యాసిడ్ బ్యాటరీని తీసివేసి, తనంతట తాను వేడెక్కే 100 ఆంపియర్ అవర్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీని బిగించుకుని మూడు చలికాలాలు గడిచాయి. బరువు, ఆయుష్షు వంటివి అందరికీ తెలిసినవే కనుక వాటి జోలికి పోను. నా కినుకంతా ఆ వేడెక్కే ఏర్పాటు మీదనే.

ఈ రకం బ్యాటరీ సున్నా డిగ్రీల దిగువన కరెంటు ఇవ్వగలదు గానీ పుచ్చుకోకూడదు. ఆ చలిలో ఛార్జ్ చేస్తే లిథియం లోహంగా పేరుకుని సెల్స్‌కు తిరిగి పూడని నష్టం కలుగుతుంది. అందుకని లోపలి రక్షణ సర్క్యూట్, వచ్చే కరెంటును ముందు హీటర్‌కు మళ్లించి, సెల్స్ 5 డిగ్రీలకు చేరాకే ఛార్జింగ్‌కు దారి ఇస్తుంది. మొదటి ఏడాది ఇది చూసి మురిసిపోయి, అడిగినవారికీ అడగనివారికీ కొనమని చెప్పాను. ఆ ఏడాది మేము బస చేసిన చోట్లన్నింటా కరెంటు కనెక్షన్ ఉందన్న సంగతి అప్పుడు నాకు తట్టలేదు.

రెండో చలికాలంలో కనెక్షన్ లేని చోట ఆగాము. బ్యాటరీ ట్రైలర్ ముందుభాగాన, బయటి రేకు పెట్టెలో ఉంది. ట్రైలర్‌ను వెచ్చబరిచే గ్యాస్ ఫర్నేస్ మండేది గ్యాస్‌తోనే అయినా, వేడి గాలిని లోపలికి తోసే దాని బ్లోవర్ ఫ్యాన్ తిరిగినంతసేపూ బ్యాటరీ నుంచి సుమారు 7 ఆంపియర్లు లాగుతుంది. తెల్లవారేసరికి 40 శాతం మిగిలింది. సోలార్ ప్యానెల్ మీది మంచు తుడిచాను, దాని కరెంటును బ్యాటరీకి అందించే కంట్రోలర్ 3 ఆంపియర్లు చూపించింది, నిశ్చింతగా టీ పెట్టుకున్నాను. మధ్యాహ్నం చూస్తే అదే 40. వైరు వదులైందేమోనని మంచులో మోకరిల్లి ఒక్కో బిగింపునూ కదిపి చూశాను. అన్నీ గట్టిగానే ఉన్నాయి. చివరికి ఫోన్‌లో సెల్స్ ఉష్ణోగ్రత తెరిస్తే అసలు సంగతి బోధపడింది: పొద్దున మైనస్ 11 ఉన్నది, అప్పటికి మైనస్ 1. పల్చటి ఎండ ఇచ్చిన ఆ కాస్త కరెంటునూ హీటర్ తీసుకుంటోంది, పుట్టిన వేడిని రేకు పెట్టె గాలికి వదిలేస్తోంది. 5 డిగ్రీలకు చేరకముందే పొద్దు వాలిపోయింది. అర్ధరాత్రి దాటాక బ్లోవర్ ఆగిపోయింది. మిగిలిన రాత్రంతా ఉన్న కోట్లన్నీ తొడుక్కుని కూర్చున్నాము.

మరుసటి ఏడాది బ్యాటరీని లోపల, మంచం కింది అరలోకి మార్చాను. మామూలు లెడ్ యాసిడ్‌లా ఛార్జింగ్‌లో హైడ్రోజన్ వదలదు కనుక ఇది సాధ్యమైంది. పొడవైన దారికి లావు కేబుల్ వేసి, బ్యాటరీ పక్కనే ఫ్యూజ్ పెట్టాను. గదిని వెచ్చబరిచే ఫర్నేసే బ్యాటరీనీ వెచ్చగా ఉంచుతోంది. విచిత్రమేమంటే, ఎక్కువ డబ్బు పోసి కొన్న ఆ హీటర్ ఈ చలికాలమంతటిలో రెండుసార్లే పని చేసింది.

కనుక కొనవద్దని అనలేను. మాది ఒకే చిన్న ప్యానెల్, ఇద్దరు మనుషుల ట్రైలర్. ప్యానెళ్లు పెద్దవైనా, కనెక్షన్ దొరికే చోటే ఆగేవారైనా బయటి పెట్టెలోనూ ఇది చక్కగానే పని చేయవచ్చు. లోపల అర ఖాళీ ఉన్నవారు మాత్రం హీటర్ లేని మామూలు లిథియం బ్యాటరీ ధర కూడా ఒకసారి చూసుకోవడం మంచిది. ఈ రోజు మళ్లీ కొనవలసివస్తే నేనైతే బహుశా అదే తీసుకుంటాను.