బిల్లులో ఉన్నాయి, ఇంజిన్‌లో లేవు: ఇంట్లో ప్లగ్గులు మార్చుకున్న తొమ్మిదేళ్ల అనుభవం

కారు సర్వీసింగ్ బిల్లులో నాలుగు స్పార్క్ ప్లగ్గులు మార్చినట్టు రాసి ఉంది. ఇంజిన్‌లో మాత్రం పాతవే ఉన్నాయి. 2017లో ఈ సంగతి బయటపడకపోతే నేను బానెట్ కింద చెయ్యి పెట్టేవాణ్ణే కాదు.

మాది 2014 పెట్రోలు స్విఫ్ట్. 1.2 లీటర్ కె-సిరీస్ ఇంజిను, నాలుగు సిలిండర్లు, ప్రతిదాంట్లో పెట్రోలుని రవ్వతో వెలిగించే ఒక ప్లగ్గు, దాని నెత్తిన ఆ రవ్వకి వోల్టేజీ పంపే ఒక కాయిల్. విజయవాడ పటమటలో మా అపార్ట్‌మెంటు సెల్లార్లో ఉంటుంది. సర్వీసింగ్ అయ్యి రెండు నెలలు తిరక్కుండానే పొద్దున్నే స్టార్ట్ చేస్తే చిన్న వణుకు, మూడో గేరులో మెల్లగా యాక్సిలేటర్ తొక్కితే ఒక కుదుపు. మిస్సింగ్ అన్నమాట, అంటే ఏదో ఒక సిలిండర్లో పెట్రోలు సరిగ్గా వెలగడం లేదు. మళ్లీ సర్వీసింగ్‌కి తీసుకెళ్తే "పెట్రోలు బాగోలేదండీ, బంకు మార్చి చూడండి" అన్నారు. బంకు మార్చాను. కుదుపు మారలేదు.

నాన్న దగ్గర చేతక్ ఉండేది. స్టార్ట్ కాకపోతే ముందు పక్కకి వంచేవాడు, అప్పటికీ కాకపోతే ప్లగ్గు ఊడదీసి ఎమెరీ పేపర్‌తో రుద్ది, ఉఫ్ అని ఊది మళ్లీ బిగించేవాడు. మైకో ప్లగ్గు. డిక్కీలో ఒక స్పేర్, ఒక ప్లగ్ పానా ఎప్పుడూ ఉండేవి. అది చూసిన ధైర్యంతోనే ఒక ఆదివారం కారువి విప్పాను. బయటికి వచ్చిన మొదటి ప్లగ్గు చూడగానే అర్థమైపోయింది. మధ్య ఎలక్ట్రోడ్ అంచులు అరిగి గుండ్రంగా తిరిగిపోయి ఉన్నాయి. రెండు నెలల క్రితం వేసిన ప్లగ్గు అలా ఉండదు. సందులు కొలిచే సన్నటి రేకుల కట్ట, ఫీలర్ గేజీ, పెట్టాను. గేజీలో అన్నిటికంటే మందమైన ఆకు 1 మిల్లీమీటరుది, ఈ ప్లగ్గుకి ఉండాల్సిన గ్యాప్ (రవ్వ దూకే సందు) కూడా అంతే. ఆ ఆకుకి 0.20 ఆకు జోడించి పెట్టినా అడ్డు లేకుండా దూరిపోయింది. కాయిల్ బోల్టుల మీద కంపెనీ నుంచి వచ్చినప్పటి ధూళి కూడా చెదరలేదు. వాళ్లతో పోట్లాడి ఆ నాలుగు వందలు వెనక్కి తెచ్చుకున్నాను గానీ, ఆ రోజు నుంచి ప్లగ్గుల పని నాదే.

అప్పటి నుంచి మూడుసార్లు మార్చాను. 34 వేల కిలోమీటర్ల దగ్గర మామూలు నికెల్ మొన ప్లగ్గులు, 61 వేల దగ్గర మళ్లీ అవే, 86 వేల దగ్గర ఇరిడియం మొనవి. ఇప్పుడు మీటరు 1,32,000 చూపిస్తోంది. రెండు రకాలూ చాలాకాలం వాడాను కాబట్టి రాస్తున్నాను.

సామాను పెద్దగా అక్కర్లేదు. కాయిల్ బోల్టుకి 10 ఎంఎం సాకెట్, ప్లగ్గుకి 16 ఎంఎం ప్లగ్ సాకెట్, జానెడు పైన ఉండే ఎక్స్‌టెన్షన్ రాడ్డు, ర్యాచెట్, ఫీలర్ గేజీ. పాత మారుతి 800కి వాడిన 21 పానా ఇందులో పనికిరాదు. కొత్త కార్లలో కొన్నిటికి 14 కావాలి, కొనేముందు చూసుకోండి. ప్లగ్ సాకెట్ లోపల రబ్బరు బిళ్ల గానీ అయస్కాంతం గానీ ఉన్నదే కొనాలి. మామూలు డీప్ సాకెట్‌తో ప్లగ్గు ఊడుతుంది, కానీ అరచెయ్యి కంటే లోతున్న గొయ్యిలోంచి పైకి రాదు. మొదటిసారి నేను వంటింటి పట్టకారుతో పావుగంట తంటాలు పడ్డాను. మా ఆవిడ ఆ పట్టకారుని మళ్లీ వంటింట్లోకి రానివ్వలేదు.

పనిలో విప్పడం, బిగించడం తేలిక. ఎయిర్ ఫిల్టర్ డబ్బా పక్కకి తీసి, కాయిల్ కనెక్టరు నొక్కి లాగి, ఒక్క బోల్టు విప్పితే కాయిల్ పైకి వస్తుంది. ఇంజిను బాగా చల్లారాలి. ప్లగ్గులు బిగించి ఉండే హెడ్డు, అంటే ఇంజిను పైభాగం, అల్యూమినియంది. వేడి మీద తిప్పితే మరలు ప్లగ్గుతో పాటు ఊడొస్తాయి. నేను రాత్రి పార్క్ చేసిన బండిని పొద్దున ఆరింటికి పట్టుకుంటాను. మే నెలలో బెజవాడలో చల్లని ఇంజిను దొరికే టైము అదొక్కటే.

నిజమైన జాగ్రత్త కావలసింది రెండు చోట్ల. ఒకటి, ప్లగ్గు వదులు చేశాక పూర్తిగా తియ్యకుండా ఆగడం. కాయిల్ కింద గొయ్యిలో ఇసుక, ఎండిన ఆకు ముక్క, ఏదో ఒకటి ఉంటుంది. ప్లగ్గు తీస్తే అది నేరుగా సిలిండర్లో పడుతుంది. రెండు చుట్లు వదులు చేసి సైకిల్ పంపు పెట్టి కొట్టండి. కళ్లజోడు పెట్టుకుని కొట్టండి, ఆ దుమ్మంతా మొహం మీదికే లేస్తుంది. రెండోది, కొత్త ప్లగ్గుని మరలో పట్టించడం. దీనికి నేను కనిపెట్టింది కాదు గానీ, ఒక పాత మెకానిక్ చెప్పిన ఉపాయం: బైకు పెట్రోలు పైపు జానెడు ముక్క కోసి, ప్లగ్గు పైన ఉండే లోహపు బుడిపెకి తొడిగి, ఆ పైపుతోనే లోపలికి దించి వేళ్లతో తిప్పాలి. మర సరిగ్గా పడితే ప్లగ్గు సుతారంగా దిగిపోతుంది. అడ్డంగా పడితే పైపే జారి తిరుగుతుంది తప్ప మర పాడవదు. సాకెట్ పెట్టి మొదలుపెడితే మన చేతి బలానికి తప్పు మర కూడా ఎక్కేస్తుంది, అప్పుడు హెడ్డు విప్పే ఖర్చు.

ఎంత బిగించాలి అన్నదానికి బిగింపు కొలిచే టార్క్ రెంచ్ ఉంటే మాన్యువల్‌లో అంకె చూసుకోండి. లేకపోతే, వాషరు ఉన్న కొత్త ప్లగ్గుని చేత్తో ఆగేదాకా తిప్పి, ఆ తర్వాత ర్యాచెట్‌తో సగం చుట్టు, కొంచెం పైన. లోపల వాషరు నలిగి కూర్చోవడం చేతికి తెలుస్తుంది. అదే పాత ప్లగ్గు తిరిగి పెడుతుంటే వాషరు ముందే నలిగి ఉంటుంది కాబట్టి గడియారంలో ఒక గంట తిరిగినంత చాలు. మర మీద గ్రీజు, ఆయిలు రాయకండి. జారుడు ఎక్కువై మనకి తెలియకుండానే ఎక్కువ బిగుసుకుంటుంది. నేను మొదటిసారి రాసి మరీ బిగించాను. 61 వేలప్పుడు విప్పుతుంటే కటకటమన్న ఆ చప్పుడికి ప్రాణం గొంతులోకి వచ్చింది.

తప్పులు ఇంకా ఉన్నాయి. ర్యాచెట్ కొంచెం వంకరగా పెట్టి ఒక కొత్త ప్లగ్గుకి ఉండే తెల్ల పింగాణీ చిట్లించాను. వెంట్రుకంత గీత. పెట్టి నడిపితే అదే సిలిండరు మిస్సింగ్. ఇంకోటి చేతిలోంచి జారి నేల మీద పడి గ్యాప్ మూసుకుపోయింది. కాయిల్ కనెక్టరు గొళ్లెం ఎండకి పెళుసుబారి ఒకటి విరిగింది, ఇప్పటికీ దానికి కట్టిన ప్లాస్టిక్ ట్యాగే ఆధారం.

ఇంట్లో చేసుకున్నందుకు అసలు లాభం విప్పిన ప్లగ్గు మొహం చూడటం. నాలుగింటినీ ఏ సిలిండర్‌ది ఆ వరసలోనే ఒక గుడ్డ మీద పెడతాను. బిస్కెట్ రంగులో పొడిగా ఉంటే ఇంజిను ఆరోగ్యంగా ఉన్నట్టు. పొడి మసి పట్టి నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువ పడుతోంది, లేదా బండి కిలోమీటరు, రెండు కిలోమీటర్లే తిరుగుతోంది. లాక్‌డౌన్‌లో పాలకీ కూరలకీ తప్ప బయటికి తియ్యని రోజుల్లో నా నాలుగూ అలాగే నల్లబడ్డాయి. హైదరాబాద్ ఒకసారి వెళ్లొస్తే మళ్లీ బిస్కెట్ రంగుకి వచ్చాయి. తడిగా, జిడ్డుగా నల్లగా ఉంటే ఆయిలు లోపలికి వస్తోంది. సున్నంలా తెల్లగా, బొబ్బలెక్కి ఉంటే వేడి మితిమీరుతోంది, అది వదిలెయ్యకూడదు.

ఒక్కటి మాత్రం చాలామందిని అనవసరంగా భయపెడుతుంది. పింగాణీ మీద, లోహం మొదలయ్యే చోట గోధుమ రంగు వలయం. దాన్ని చూసి "కంప్రెషన్ లీకవుతోంది, హెడ్డు పని" అని నాకూ ఒకాయన చెప్పాడు. అది లీకు కాదు. ఎక్కువ వోల్టేజీ చుట్టూ గాలిలోని ఆయిలు తుంపరల్ని లాగి అతికించిన మరక. దానితో ఏ ఇబ్బందీ లేదు. భయపడాల్సింది పింగాణీ మీద పైనుంచి కిందికి పెన్సిల్‌తో గీసినట్టు నల్లగీత కనబడితే. అంటే నిప్పురవ్వ లోపల దూకాల్సింది బయటినుంచే దూకి పారిపోతోంది. ప్లగ్గుతో పాటు కాయిల్ కింద రబ్బరు బూటు కూడా మార్చాలి.

ఇక ఇరిడియం. ఆటోనగర్లో నేను ఎప్పుడూ కొనే కొట్టతను 86 వేల దగ్గర "నికెల్ ఎందుకండీ ఇంకా, ఇరిడియం వేసుకోండి, పికప్ ఎగిరిపోద్ది, మైలేజీ రెండు కిలోమీటర్లు పెరుగుద్ది" అన్నాడు. నికెల్‌వి అప్పట్లో నాలుగూ కలిపి నాలుగు వందల ఎనభై. ఇరిడియం రెండు వేల నాలుగు వందలు. కొన్నాను.

మధ్య ఎలక్ట్రోడ్ చూస్తే ముచ్చటేస్తుంది. మామూలు ప్లగ్గులో అది రెండున్నర మిల్లీమీటర్ల పుల్ల. ఇందులో 0.6 మిల్లీమీటర్ల సూది మొన. ఇరిడియం కరగాలంటే 2,400 డిగ్రీలు దాటాలి, నికెల్ 1,455కే కరుగుతుంది. అందుకే అంత సన్నగా చేసినా తొందరగా అరగదు. మొన సన్నగా ఉంటే తక్కువ వోల్టేజీకే రవ్వ దూకుతుంది. ఇది ప్రచారం కాదు, నిజమే. 46 వేల కిలోమీటర్ల తర్వాత పోయిన నెల విప్పి చూస్తే 1 ఆకుకి 0.05 ఆకు జోడిస్తే కష్టంగా దూరింది. నికెల్ ప్లగ్గులు 27 వేలకే అంతకంటే ఎక్కువ తిన్నాయి.

కానీ పికప్ ఎగరలేదు. ట్యాంకు నింపి, మళ్లీ నింపి లెక్క వేశాను, ఆరు ట్యాంకులు. లీటరుకి ఊళ్లో 14 కిలోమీటర్లు, హైవే మీద 19. కొత్త నికెల్ వేసినప్పుడూ అంతే. అరిగిన ప్లగ్గు తీసి ఏ కొత్త ప్లగ్గు వేసినా బండి హుషారుగా అనిపిస్తుంది. ఆ హుషారు కొత్తదనానిది, ఇరిడియానిది కాదు. నా ఇంజిన్‌లో ప్లగ్గులు చేతికందేంత పైన ఉన్నాయి. నలభై నిమిషాల పనికి అయిదు రెట్లు ధర పెట్టడం నాకు దండగ అనిపించింది.

డల్లాస్‌లో మా బావమరిది లెక్క వేరు. వాళ్లది టయోటా సియెన్నా, మూడేసి చొప్పున రెండు వరసల్లో ఆరు సిలిండర్లుండే వీ6 ఇంజిను. వెనక వరస మూడు ప్లగ్గులూ సిలిండర్లకి గాలి పంచే ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్ కింద దాక్కుని ఉంటాయి, అది విప్పితే గానీ చెయ్యి వెళ్లదు. అలాంటి బండికి ఇరిడియం తప్ప ఇంకోటి పెట్టకూడదు. కంపెనీ కూడా లక్షా ఇరవై వేల మైళ్లకి మార్చమంటుంది. మా ఆఫీసులో ఒకాయన పాత హోండా సిటీ ఐ-డీఎస్ఐకి నాలుగు సిలిండర్లకి ఎనిమిది ప్లగ్గులు. ఆయన నన్ను సాయం రమ్మన్నాడు. ఆ ఆదివారం మా ఊళ్లో పెళ్లి ఉందని చెప్పాను.

ఇరిడియం వాడేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి. నాన్న చేసినట్టు ఎమెరీ పేపర్ తగలనివ్వొద్దు, గ్యాప్ పేరుతో మధ్య మొనని ఏ పనిముట్టుతోనూ నొక్కొద్దు. పుటుక్కున విరుగుతుంది. నెంబర్ల విషయంలోనూ కొట్టువాడి మాట వినకండి. ఎన్‌జీకే కంపెనీ ప్లగ్గులో అంకె పెరిగితే ప్లగ్గు చల్లనిది, అంటే వేడిని తొందరగా వదిలేది, బాష్ కంపెనీదాంట్లో అంకె పెరిగితే వేడిది. "ఆరుకి బదులు ఏడు, ఇంకా మంచిది" అనేవాళ్లని నేను చూశాను. మాన్యువల్‌లో ఉన్నదే అడగండి.

మధ్యలో ఒక కాయిల్ పోయింది, 2021లో. ఇంజిన్ లైటు వెలిగింది. ఏడు వందలు పెట్టి కొన్న బ్లూటూత్ స్కానర్ పెడితే పీ0302 చూపించింది, రెండో సిలిండరు మిస్ఫైర్. ప్లగ్గు బాగానే ఉంది. రెండో కాయిల్ తీసి మూడోదాంట్లో, మూడోది రెండోదాంట్లో పెట్టి, కోడ్ చెరిపి బెంజి సర్కిల్ దాకా ఒక రౌండు వేశాను. కోడ్ పీ0303కి మారింది. కాయిల్‌తో పాటు కోడ్ కూడా ఇల్లు మారిందంటే తప్పు కాయిల్‌దే. అదే వర్క్‌షాపులో నాలుగు కాయిళ్లూ మార్చాలని చెప్పినవాళ్లు ఉన్నారు. అరిగిన ప్లగ్గులతో ఏళ్ల తరబడి నడపడమే ఆ కాయిల్‌ని తినేసిందని నా అనుమానం. గ్యాప్ పెరిగే కొద్దీ దాన్ని దూకించడానికి కాయిల్ మీద భారం పెరుగుతుంది.

డబ్బు లెక్కలోకి వస్తే, సామానుకి రెండు వేల నాలుగు వందలైంది. మూడుసార్లకి మిగిలిన కూలీ, చిట్లిన ప్లగ్గు ధర తీసేస్తే, పదిహేను వందలు కూడా ఉండదు. డబ్బు మిగులుతుందని మొదలుపెట్టేవాళ్లు మొదలుపెట్టకపోవడమే మంచిది. బండి వారంటీలో ఉంటే అసలు ముట్టుకోవద్దు. సీఎన్‌జీ బండి ఉన్నవాళ్లు మాత్రం నేర్చుకోండి. గ్యాస్‌ని వెలిగించడానికి ఎక్కువ వోల్టేజీ కావాలి, ప్లగ్గు తొందరగా అరుగుతుంది, మాటిమాటికీ విప్పాల్సి వస్తుంది.

ఈసారి మళ్లీ నికెల్‌వే తెచ్చి ఫ్రిజ్ మీద పెట్టాను. ఇరిడియం ఇంకా నడుస్తుంది, నిజమే. కానీ పోయిన నెల విప్పినప్పుడు మూడో గొయ్యిలో ఆయిలు కనబడింది. చెంచాడు ఉంటుంది, కాయిల్ బూటు జిడ్డోడుతోంది. ఇంజిను పైమూత, అంటే వాల్వ్ కవర్, కింద ఉండే గ్యాస్కెట్, ప్లగ్గు గోతుల చుట్టూ ఉండే సీళ్లు గట్టిపడ్డాయన్నమాట. ఎటూ కవరు విప్పుతున్నాను కదా, అన్నీ ఒకేసారి చేద్దామని పెట్టుకున్నాను. గ్యాస్కెట్ ఆటోనగర్లో స్టాకు లేదు, మంగళవారం వస్తుందన్నాడు.