అటారీ 2600, ఇంటెలివిజన్: శక్తి తక్కువున్న పెట్టె ఎందుకు గెలిచింది?

1980ల మొదట్లో అమెరికా టీవీల్లో ఒక ప్రకటన వచ్చేది. జార్జ్ ప్లింప్టన్ అనే రచయిత రెండు టీవీలు పక్కపక్కన పెట్టించి, ఒకదాంట్లో అటారీ బేస్‌బాల్, రెండోదాంట్లో మ్యాటెల్ కంపెనీ ఇంటెలివిజన్ బేస్‌బాల్ చూపించేవాడు. రెండూ టీవీకి తగిలించి వీడియో ఆటలు ఆడుకునే పెట్టెలు, అంటే కన్సోల్‌లు. అటారీ తెర మీద నాలుగు గళ్లు కదులుతున్నట్టు ఉంటుంది. ఇంటెలివిజన్‌లో మనుషులు మనుషుల్లాగే పరిగెడతారు, మైదానం మైదానంలాగే ఉంటుంది. ఎవరు చూసినా రెండోదే బాగుందంటారు.

ఆ ప్రకటనలో అబద్ధం ఏమీ లేదు. అయినా ఇంటెలివిజన్ 30 లక్షల పైచిలుకు దగ్గర ఆగిపోయింది. అటారీ 2600 మొత్తం మీద సుమారు 3 కోట్లు అమ్ముడైంది. ముందు వచ్చింది కాబట్టి, చవక కాబట్టి అని చాలామంది రెండు ముక్కల్లో తేల్చేస్తారు. ఆ రెండూ నిజమే కానీ అసలు సంగతి అంతకంటే లోతుగా, ఆ యంత్రాల నిర్మాణంలోనే ఉందని నా నమ్మకం.

ముందుగా బలాబలాలు చూద్దాం. అటారీ 1977లో వచ్చింది. అందులో 6507 అనే 8 బిట్ ప్రాసెసర్, 128 బైట్ల మెమరీ ఉన్నాయి. కిలోబైట్లు కాదు, బైట్లే. ఈ రోజు కంప్యూటర్లు తెలుగు రాతలో ఒక్కో గుర్తుకి మూడు బైట్లు వాడుతున్నాయి, గుణింతానికీ ఒత్తుకీ విడివిడిగా లెక్క. ఆ లెక్కన అటారీ మెమరీలో 42 గుర్తులు పడతాయి, ఈ పేరాలోని ఈ వాక్యం కూడా పట్టదు. ఇంటెలివిజన్‌ని మ్యాటెల్ 1979లో ఫ్రెస్నో నగరంలో అమ్మి చూసి, 1980లో దేశమంతా దింపింది. జనరల్ ఇన్‌స్ట్రుమెంట్ వారి 16 బిట్ ప్రాసెసర్, మొత్తం 1,456 బైట్ల మెమరీ, తెర మీద విడిగా కదిలే బొమ్మలు ఎనిమిది, మూడు స్వరాలు పలికే సౌండ్ చిప్ దాని సరంజామా. అటారీలో కదిలే బొమ్మలు రెండే. వాటికి తోడు రెండు తూటాలు, ఒక బంతి. ఎందుకంటే దాన్ని పాంగ్ లాంటి బంతాటనీ, రెండు ట్యాంకుల యుద్ధాన్నీ దృష్టిలో పెట్టుకుని తయారుచేశారు. రంగుల్లో మాత్రం అటారీయే మెరుగు: ఇంటెలివిజన్‌కి 16, అటారీకి 128.

కాగితం మీద ఇంటెలివిజన్‌దే గెలుపు. అయితే అటారీలో ఒక విచిత్రం ఉంది. తెర మొత్తం బొమ్మని దాచుకునే మెమరీ దానికి లేదు. టీవీ కిరణం తెర మీద ఒక్కో గీత గీస్తుంటే, ఆ గీతలో ఏం కనబడాలో ప్రోగ్రామ్ అప్పటికప్పుడు బొమ్మ గీసే చిప్‌కి చెప్పాలి. ఒక గీతకి దొరికే సమయం ప్రాసెసర్ లెక్కలో 76 సైకిళ్లు, అంటే గట్టిగా ఇరవై, ముప్పై ఆదేశాలు. మగ్గం మీద నేతగాడు పోగు పోగుకీ రంగు మార్చుకుంటూ బొమ్మ తేల్చినట్టు, ప్రోగ్రామర్ గీత గీతకీ బొమ్మ మార్చుకుంటూ సెకనుకి 60 సార్లు తెర నింపాలి. ఇది నరకం లాంటి పని. కానీ గీత గీతకీ మార్చే హక్కు చేతిలో ఉన్నవాడికి రెండు బొమ్మలంటే రెండే అనే నియమం ఉండదు.

1980లో అటారీకి వచ్చిన స్పేస్ ఇన్వేడర్స్ అనే ఆట చూడండి. బజార్లో నాణెం వేసి ఆడే ఆర్కేడ్ యంత్రంలో శత్రువులు 55 మంది. అటారీలో ప్రోగ్రామర్ రిక్ మౌరర్ 36 మందిని నిలబెట్టాడు, వరసకి ఆరుగురు చొప్పున ఆరు వరసలు. ఆ ఆరు ఎక్కడిది? చిప్ ఒక్కో బొమ్మకి మూడు నకళ్లు పక్కపక్కన చూపించగలదు. రెండు బొమ్మలు, మూడేసి నకళ్లు, వరసకి ఆరుగురు. వరస అయిపోగానే అవే బొమ్మల రూపం మార్చి కింది వరసకి వాడుకున్నాడు. లారీ వాగ్నర్, బాబ్ వైట్‌హెడ్ ఈ 128 బైట్లలోనే చదరంగం ఆడించారు. యంత్రం ఎత్తు ఆలోచించేటప్పుడు తెర గీసే తీరిక దానికి ఉండదు కాబట్టి, ఆ సేపు బల్ల కనిపించదు! పిట్‌ఫాల్ అనే ఆటలో డేవిడ్ క్రేన్ 255 తెరల అడవిని ఎక్కడా దాచలేదు. ఒక చిన్న గణిత సూత్రంతో ఏ తెరకి ఆ తెరని అప్పటికప్పుడు పుట్టించాడు. ఇలాంటివి చూసినప్పుడల్లా ఆ మనుషుల మీద గౌరవం పెరుగుతుంది.

ఇంటెలివిజన్ దీనికి పూర్తిగా ఎదురు. దాని లోపల ఎగ్జెక్ అనే ప్రోగ్రామ్‌ని మ్యాటెల్ ముందే పెట్టి ఇచ్చింది. బొమ్మలు కదపడం, గుద్దుకున్నాయో లేదో చూడటం, కంట్రోలర్ చదవడం లాంటి పనులన్నీ అదే చూసుకుంటుంది. ప్రోగ్రామర్‌కి హాయి, ఆట ఉండే క్యాట్రిడ్జ్‌లో (పెట్టెలో దూర్చే చిన్న డబ్బా) చోటూ ఆదా. కానీ ఎగ్జెక్ ఆటని సెకనుకి 20 సార్లే ముందుకి జరుపుతుంది. బేస్‌బాల్‌కి, పేకాటకి అది చాలు. తుపాకులు పేలే ఆటకి చాలదు. పాత యంత్రాన్ని అనుకరించే ఎమ్యులేటర్ ప్రోగ్రామ్ మీద రెండూ ఒకదాని తర్వాత ఒకటి ఆడితే వెంటనే తెలిసిపోతుంది: అటారీలో చెయ్యి కదిలితే బొమ్మ కదులుతుంది, ఇంటెలివిజన్‌లో చాలా ఆటల్లో అర క్షణం వెనక నడిచినట్టుంటుంది. బలమైన యంత్రానికి దాని తయారీదారులే ఒక హద్దు గీసి పెట్టారు. బలహీనమైన యంత్రానికి ఏమీ ఇవ్వలేదు కాబట్టి దేనికీ అడ్డం పెట్టలేదు. నా లెక్కలో ఇదే కీలకం. 1982 నాటికి పిట్‌ఫాల్ రెండు యంత్రాల మీదా వచ్చింది. పక్కపక్కన పెట్టి చూస్తే, 100 డాలర్లు ఎక్కువ పెట్టి కొన్న పెట్టెలో దొరికే అదనపు అందం చాలా కొంచెం.

ధర సంగతీ అదే. మొదట్లో అటారీ 200 డాలర్ల లోపు, ఇంటెలివిజన్ 300 డాలర్ల దరిదాపు. పిల్లల ఆటవస్తువు కొనే తల్లిదండ్రులకి అది చిన్న తేడా కాదు. ముందు రావడం గురించి మాత్రం ఒక మాట చెప్పాలి. ఫెయిర్‌చైల్డ్ ఛానెల్ ఎఫ్ 1976లోనే, అటారీ కంటే ముందే, మార్చుకునే క్యాట్రిడ్జ్‌లతో వచ్చింది. దాని పేరు ఇప్పుడు ఎంతమందికి తెలుసు? అటారీ కూడా మొదటి రెండేళ్లు గొప్పగా ఏమీ అమ్ముడుపోలేదు. దాన్ని లేపింది స్పేస్ ఇన్వేడర్స్. జపాన్‌లో తైతో కంపెనీ చేసిన ఆ ఆటకి అప్పుడు లోకమంతా నాణేలు పోస్తోంది. అటారీ లైసెన్స్ కొని దాన్ని ఇంటికి తెచ్చింది, జనం ఆ ఒక్క ఆట కోసం కన్సోల్ కొన్నారు. పది లక్షల కాపీలు దాటిన తొలి కన్సోల్ ఆట అదేనని చెబుతారు. తర్వాత సొంత ఆర్కేడ్ ఆటలైన ఆస్టరాయిడ్స్, మిస్సైల్ కమాండ్ కూడా అటారీ చేతిలోనే ఉన్నాయి.

మ్యాటెల్ దగ్గర ఉన్నవి క్రీడల లైసెన్సులు. పెట్టెతో పాటు ఇచ్చిన ఆట లాస్ వెగాస్ పేకాట! పదేళ్ల పిల్లవాడికి కావలసింది అది కాదు. ఆస్టరాయిడ్స్ లాంటి ఆట ఒకటి మ్యాటెల్‌లో తయారైంది కానీ, కోర్టు భయంతో దాన్ని పక్కన పెట్టారు. దానికి మార్పులు చేసిన రూపమే ఆస్ట్రోస్మాష్‌గా బయటికొచ్చింది. అది మంచి ఆట, బాగా అమ్ముడైంది, తర్వాత పేకాట స్థానంలో పెట్టెతో పాటు ఇచ్చారు కూడా. అయినా దుకాణంలో నిలబడ్డ పిల్లవాడు అడిగేది తను బజార్లో ఆడిన ఆట పేరు.

ఇక బయటివాళ్లు రాసిన ఆటల విషయం. పేరూ వాటా ఇవ్వలేదని నలుగురు ప్రోగ్రామర్లు అటారీ నుంచి బయటికి వెళ్లారు. 1979లో మొదలైన యాక్టివిజన్ వాళ్లదే. అటారీ కోర్టుకెక్కింది. 1982లో కేసు రాజీ అయింది, రాయల్టీ చెల్లించి ఎవరైనా ఆటలు అమ్ముకునే దారి ఏర్పడింది. అంటే అటారీని గెలిపించిన మంచి ఆటల్లో చాలా వాటిని అటారీ ఆపాలని చూసింది. ఆపలేకపోవడం దానికే మేలు చేసింది. మ్యాటెల్ 1983లో తెచ్చిన ఇంటెలివిజన్ 2లో పోటీదారు కొలెకో ఇంటెలివిజన్‌కి అమ్మిన పాత క్యాట్రిడ్జ్‌లు పనిచెయ్యకుండా లోపలి ప్రోగ్రామ్ మార్చింది. అదే మ్యాటెల్ తన ఆటలని ఎమ్ నెట్‌వర్క్ పేరుతో అటారీకి కూడా తయారుచేసి అమ్మింది. ఇంటెలివిజన్ 2కి తగిలించి అటారీ ఆటలు ఆడుకునే సిస్టమ్ ఛేంజర్ అనే అదనపు పెట్టెనీ తెచ్చింది. పోటీలో ఎవరు గెలిచారో ఇంతకంటే స్పష్టంగా ఇంకెవరు ఒప్పుకుంటారు?

కంట్రోలర్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. అటారీది ఒక పుల్ల, ఒక బటన్. తాతయ్య చేతికిచ్చినా ఆడేస్తాడు. ఇంటెలివిజన్‌ది 12 అంకెల బటన్లు, వాటి మీద పరిచే ప్లాస్టిక్ రేకు, 16 దిక్కుల డిస్క్, పక్కల బటన్లు. పైగా మొదటి మోడల్‌లో దాని వైరు పెట్టెకే అతికించి ఉండేది, పాడైతే ఊడదీసి వేరేది పెట్టుకునే వీలు లేదు. ఇంటెలివిజన్‌కి కీబోర్డు తగిలించి కంప్యూటర్‌గా మారుస్తామని మ్యాటెల్ మాటిచ్చి ఏళ్ల తరబడి సాగదీసింది. చివరికి అమెరికాలో వినియోగదారుల రక్షణ చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ జోక్యం చేసుకోవాల్సి వచ్చింది.

అటారీ వైపు తప్పులూ చిన్నవి కావు. 1982లో హడావిడిగా తెచ్చిన ప్యాక్‌మ్యాన్ లక్షల్లో అమ్ముడై, లక్షల మందిని నిరాశపరిచింది. ఐదారు వారాల్లో రాయించిన ఈటీ (అదే పేరున్న సినిమా ఆధారంగా చేసిన ఆట) క్యాట్రిడ్జ్‌లు న్యూ మెక్సికోలోని అలమొగోర్డో చెత్తదిబ్బలో పాతిపెట్టారు, 2014లో తవ్వి తీశారు. ఎవరైనా ఆట అమ్ముకోవచ్చన్న స్వేచ్ఛే నాసిరకం ఆటల వరదకీ దారి తీసింది. 1983లో మార్కెట్ కూలినప్పుడు ఇద్దరూ మునిగారు. మ్యాటెల్ ఎలక్ట్రానిక్స్ 1984 మొదట్లో మూతపడింది. ఒక చిన్న కంపెనీ హక్కులు కొని ఇంటెలివిజన్‌ని 1990 దాకా నడిపింది. అటారీ 2600 చిన్న పెట్టెగా, 50 డాలర్ల లోపు ధరతో మళ్లీ వచ్చి 1992 జనవరి వరకు నిలబడింది. 2024లో అటారీ పేరున్న కంపెనీయే ఇంటెలివిజన్ పేరునీ, 200కి పైగా ఆటల హక్కులనీ కొనేసింది.

మరి ఇప్పుడు ఆడాలనుకుంటే ఏది మేలు? పక్కన ఇంకో మనిషి ఉంటే ఇంటెలివిజన్ తీసుకోండి. దాని బేస్‌బాల్ ఇద్దరు ఆడితేనే ఆట, ఒంటరిగా ఆడే ఏర్పాటే లేదు. డాన్ డాగ్లో రాసిన యుటోపియాలో ఇద్దరు చెరో దీవినీ పాలిస్తారు, పంటలు వేసి, ఇళ్లు కట్టి, పక్కదీవిలో తిరుగుబాటు రేపుతారు. ఆ కాలంలో అటారీ మీద అంతటి ఆలోచన ఉన్న ఆట నేను చూడలేదు. ఒక్కరే ఉంటే అటారీయే, సందేహం అక్కర్లేదు. స్పేస్ ఇన్వేడర్స్‌తో మొదలుపెట్టి పిట్‌ఫాల్‌కి రండి. ఈటీ జోలికి మాత్రం వెళ్లకండి.