కారు ఎదురుపడని దారులు: ఇంగ్లండ్ పాత రైలు కట్టల మీద సైకిల్

మోటారు బండ్ల గోల లేకుండా ఇంగ్లండ్ పల్లెలు సైకిల్ మీద చూడాలనుకుంటే ముందు మూసేసిన రైలు మార్గాలు వెతకాలి. 1960లలో నష్టాల పేరు చెప్పి అక్కడ వేల మైళ్ల లైన్లు ఆపేశారు. పట్టాలు పీకేసినా కట్టలు, వంతెనలు, సొరంగాలు మిగిలాయి. అలాంటి కొన్నిటిని తర్వాత సైకిల్ దారులుగా మార్చారు. ఆవిరి ఇంజన్లకు ఎత్తు ఎక్కడం కష్టం కాబట్టి చాలా లైన్లలో యాభై అడుగులకు ఒక అడుగుకు మించి వాలు ఉండదు. అందుకే కొండ ప్రాంతంలో కూడా సామాను సంచులతో, పిల్లలతో తొక్కగలం.

దారి ఎంత అందంగా ఉందన్నది చూసి మాత్రం ప్లాన్ వేయకండి. ముందు దాని రెండు చివర్లూ చూడండి. రైలు దిగిన చోటి నుంచి కట్ట ఎక్కేదాకా ఎలాంటి రోడ్డు ఉంది, కట్ట ఎక్కడ తెగిపోతుంది, తెగిన చోట ఏముంది అన్నవి తేల్చుకోవాలి. మధ్యలో పదిహేను మైళ్లు హాయిగా సాగినా, చివరి మూడు మైళ్లు లారీల పక్కన నడపాల్సి వస్తే ఆ రోజంతా చేదైపోతుంది.

ఈ లెక్కన మా మొదటి ఓటు నైరుతి ఇంగ్లండ్‌లోని బాత్ ఊరికే. రైలు స్టేషన్ ఊరి నడిబొడ్డునే ఉంది, అక్కడి నుంచి మూడు దిక్కుల్లో దారులున్నాయి. వాటిలో బ్రిస్టల్–బాత్ రైల్వే పాత్ పొడవు 13 మైళ్లు, అంటే 21 కిలోమీటర్లు. బ్రిస్టల్ సైకిల్ సంఘం ఒకటి వాలంటీర్లతో 1979 నుంచి 1986 దాకా దీన్ని వేసింది. తర్వాత సస్ట్రాన్స్ అనే స్వచ్ఛంద సంస్థగా మారింది ఆ సంఘమే. దేశమంతటి సైకిల్ దారులను కలిపే నేషనల్ సైకిల్ నెట్‌వర్క్‌లో ఇది 4వ నంబరు దారి. నున్నటి తారు కాబట్టి సన్న టైర్లయినా చాలు. బిట్టన్ దగ్గర పాత స్టేషన్‌లో ఆవిరి రైళ్లు ఇంకా నడుపుతున్నారు, టీకి ఆగడానికి మంచి చోటు. బ్రిస్టల్ దగ్గరి మైళ్లలో ఉదయం, సాయంత్రం ఆఫీసులకు పోయేవాళ్లు జోరుగా వస్తారు, పిల్లలతో వెళ్లేవాళ్లు ఆ వేళలు తప్పించుకోవాలి. బ్రిస్టల్ స్టేషన్ నుంచి కట్ట మొదలయ్యే చోటి దాకా కొద్దిదూరం ఊరి వీధులు తప్పవు.

రెండోది టూ టనల్స్ గ్రీన్‌వే, 2013లో తెరిచారు. ముందు 409 మీటర్ల డెవన్‌షైర్ సొరంగం, తర్వాత 1,672 మీటర్ల కూమ్ డౌన్ సొరంగం వస్తాయి. లోపల దీపాలున్నా వెలుగు తక్కువ. నడిచేవాళ్లకు మీరు కనబడాలంటే ముందు, వెనక లైట్లు ఉండాల్సిందే. ఎండాకాలంలో కూడా లోపల చల్లగా, చెమ్మగా ఉంటుంది, పలుచటి జాకెట్ సంచిలో పైనే పెట్టుకోండి. ఉదయం 5 నుంచి రాత్రి 11 దాకే దీపాలు వెలుగుతాయి. సొరంగాలు దాటి మిడ్‌ఫర్డ్, అక్కడి నుంచి డండాస్ అక్విడక్టు (నది మీదుగా కాలువను దాటించే వంతెన), ఆపై కాలువ గట్టు మీదుగా తిరిగి బాత్‌కు వస్తే మొత్తం చుట్టు 13 మైళ్లు. మిడ్‌ఫర్డ్ నుంచి డండాస్ లోపు కొంత పల్లె రోడ్డు, ఒక ఎత్తు ఉన్నాయి. "పూర్తిగా ట్రాఫిక్ లేనిది" అన్న మాట ఈ ముక్కకు వర్తించదు.

మూడోది కెనెట్ అండ్ ఏవన్ కాలువ గట్టు. బాత్ నుంచి బ్రాడ్‌ఫర్డ్ ఆన్ ఏవన్ దాకా సుమారు పది మైళ్లు గట్టు బాగుంటుంది, అలసిపోతే బ్రాడ్‌ఫర్డ్ నుంచి రైల్లో వెనక్కి రావచ్చు. ఏవన్‌క్లిఫ్ దగ్గర కొత్తవాళ్లు తికమక పడతారు. అక్కడ గట్టు దారి అక్విడక్టు కింది నుంచి దూరి అవతలి ఒడ్డుకు మారుతుంది. బ్రాడ్‌ఫర్డ్ దాటాక దారి ఇరుకై, గతుకులు ఎక్కువవుతాయి. అయినా డివైజెస్ దాకా వెళ్లడానికి ఒక కారణం ఉంది: నీటిమట్టం మార్చి పడవలను ఎక్కించే, దించే కేన్ హిల్ లాకులు. రెండు మైళ్లలో 29 లాకులు పడవలను 72 మీటర్లు పైకి ఎక్కిస్తాయి. అందులో 16 ఒకే వరుసలో మెట్లలా నిలబడి కనిపిస్తాయి. గట్టు మీద నడిచేవాళ్లదే ముందు హక్కు. వంతెనల కింద మలుపు అవతల ఎవరున్నారో కనబడదు, గంట కొట్టి నడక వేగానికి తగ్గాలి. పడవలు కట్టే తాళ్లు, మేకులు అంచునే ఉంటాయి, సామాను సంచి ఒకదానికి తగిలితే తిన్నగా నీళ్లలోకే.

అందంలో మాత్రం డెర్బీషైర్ పీక్ డిస్ట్రిక్ట్‌ను కొట్టేది లేదు. మాన్సల్ ట్రెయిల్ 8.5 మైళ్లే గానీ సున్నపురాతి లోయల పైనుంచి పోతుంది. లైను 1968లో మూతపడింది, హెడ్‌స్టోన్, క్రెస్‌బ్రుక్, లిట్టన్, చీ టోర్ సొరంగాలు 2011లో తెరిచాకే దారి ఏకంగా కలిసింది. ఒక్కొక్కటి దాదాపు 400 మీటర్లు. చీకటి పడితే లోపలి దీపాలు ఆరిపోతాయి. తూర్పు చివర దగ్గరి హాసప్ స్టేషన్‌లో అద్దె సైకిళ్లు, తిండి, టాయిలెట్లు అన్నీ దొరుకుతాయి. చిక్కంతా పడమటి చివరే. కట్ట దిగాక బక్స్‌టన్ రైలు స్టేషన్‌కు ఇంకా మూడు మైళ్లు ఉంటుంది, నేరుగా వెళ్లాలంటే వంకరటింకర ఏ6 రోడ్డు మీద లారీల మధ్య వెళ్లాలి. అది వద్దు. హాసప్‌లో మొదలుపెట్టి, పడమటి చివరనున్న బ్లాక్‌వెల్ మిల్ దాకా వెళ్లి వెనక్కి రండి. పోయేటప్పుడు కొద్దిగా ఎక్కుడు, వచ్చేటప్పుడు దిగుడు.

పీక్‌లోనే ఇంకో దారి టిసింగ్‌టన్ ట్రెయిల్, యాష్‌బర్న్ నుంచి పార్స్‌లీ హే దాకా 13 మైళ్లు. అక్కడే దీన్ని 17 మైళ్ల హై పీక్ ట్రెయిల్ కలుస్తుంది. అద్దె సైకిళ్లు రెండు చోట్లా దొరుకుతాయి, కానీ యాష్‌బర్న్‌లోనే తీసుకోండి. పార్స్‌లీ హే నుంచి మొదలుపెట్టినవాళ్లు ఉత్సాహంగా దిగిపోయి, కాళ్లు అలిసిపోయాక అదే ఎత్తు ఎక్కాలి. వంతెన తీసేసిన ఒకచోట మాత్రం దారి నిటారుగా వాగులోకి దిగి మళ్లీ ఎక్కుతుంది. పైన అంతా బయలు, గాలి ఎదురైతే గేరు తగ్గించుకోక తప్పదు. బసకు హార్టింగ్‌టన్ హాల్ యూత్ హాస్టల్ మంచిది, కట్ట నుంచి కొద్దిదూరం రోడ్డు మీద వెళ్లాలి.

హై పీక్ లైను 1831 నాటిది. ఇంజను ఎక్కలేని ఏటవాలుల మీద వ్యాగన్లను తాళ్లతో లాగేవారు, మిడిల్‌టన్ టాప్ ఇంజన్ హౌస్ ఇప్పటికీ నిలిచి ఉంది. పాత రైలు కట్ట అంటే చదును అన్న మాట ఇక్కడ పనికిరాదు. మిడిల్‌టన్ దగ్గర వాలు దాదాపు ఎనిమిదికి ఒకటి. తడిగా ఉంటే దిగి నడిపించుకోండి.

పీక్ దారుల పైపొర సున్నపురాతి పొడి. వాన పడితే అది బురద పేస్టులా తయారై చైనును, బ్రేక్ ప్యాడ్‌లను అరగదీస్తుంది. సాయంత్రం బసకు చేరగానే నీళ్లు పోసి కడిగి, తుడిచి, తడికి ఆగే నూనె వేయండి. టైర్లు 35 నుంచి 40 మిల్లీమీటర్లు ఉండాలి, మడ్‌గార్డుకూ టైరుకూ మధ్య వేలు దూరేంత ఖాళీ ఉండాలి.

పంచర్ల కాలం సెప్టెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా. పిట్టలు గూళ్లు పెట్టే మార్చి–ఆగస్టు మధ్య రైతులు కంచె పొదలు కత్తిరించకూడదు, ఆ తర్వాత కత్తిరిస్తే ముళ్లు దారి మీద పడతాయి. ట్యూబు మార్చి కదిలిన పది నిమిషాలకే మళ్లీ గాలి పోయిందంటే ముల్లు కొన టైరులోనే ఉందన్నమాట. లోపలి వైపు వేలితో చుట్టూ మెల్లగా తడిమి, పట్టకారుతో తీసి, అప్పుడే కొత్త ట్యూబు ఎక్కించాలి. రెండు ట్యూబులైనా దగ్గర ఉంచుకోండి.

మోటారు సైకిళ్లు రాకుండా కొన్నిచోట్ల ఇనుప ఫ్రేములు అడ్డం పెట్టారు. వెడల్పు హ్యాండిల్, వెనక ట్రైలర్, మూడు చక్రాల బండి వాటిలో పట్టవు. సంచులు ఊడదీసి సైకిల్‌ను వెనక చక్రం మీద లేపి దాటించాలి.

కార్న్‌వాల్‌లోని కామెల్ ట్రెయిల్‌కు పేరు ఎక్కువ. వేడ్‌బ్రిడ్జ్–పాడ్‌స్టో మధ్య 5.5 మైళ్లు నది ముఖద్వారం పక్కనే సాగుతాయి, కానీ ఆగస్టులో అది తిరునాళ్ల రద్దీ. తొమ్మిదిలోపు బయల్దేరండి, లేదంటే వేడ్‌బ్రిడ్జ్ నుంచి లోపలికి, అడవి వైపు వెన్‌ఫర్డ్‌బ్రిడ్జ్‌కు పోండి. మాకైతే డెవన్‌లోని టార్కా ట్రెయిలే మేలనిపిస్తుంది. బ్రాంటన్ నుంచి మీత్ దాకా 30 మైళ్లు. మధ్యలో బార్న్‌స్టేపుల్‌కు రైలు వస్తుంది, టారింగ్‌టన్ దాకా ఎక్కువగా తారే.

వారాంతాల్లో చాలా బసలు రెండు రాత్రులకు తక్కువైతే ఇవ్వవు, ముందే అడగండి. సైకిల్ ఎక్కడ పెడతారో, తడి బట్టలు ఆరేసుకునే చోటు ఉందో లేదో కూడా అప్పుడే తేల్చుకోండి. భూమి యజమాని అనుమతి లేకుండా ఎక్కడ పడితే అక్కడ టెంటు వేసుకునే హక్కు ఇంగ్లండ్‌లో లేదు, ఒక్క డెవన్‌లోని డార్ట్‌మూర్ బయళ్లలో కొన్నిచోట్ల తప్ప.

లండన్ నుంచి బాత్, బ్రిస్టల్ వైపు దూరపు రైళ్లలో సైకిల్‌కు ముందే చోటు బుక్ చేసుకోవడం మేలు, దానికి డబ్బు తీసుకోరు. ఇరుకు అరలో ముందు చక్రం పట్టుకుని నిలువునా వేలాడదీయాలి. సంచులు ప్లాట్‌ఫారం మీదే విప్పి ఉంచుకోండి. ఆదివారాల్లో ట్రాక్ పనులుంటే రైలు బదులు బస్సు వేస్తారు. మడత సైకిల్ కాకపోతే ఆ బస్సులో సాధారణంగా ఎక్కించుకోరు కాబట్టి తిరుగు ప్రయాణం శనివారానికో సోమవారానికో పెట్టుకోవడం మేలు.