పందిపిల్లల ప్రోబయోటిక్ పొడి కొనేముందు స్టిక్కరు గీకి చూడండి

కడప చుట్టుపక్కల పందులు సాకే అన్నదమ్ములకు ఒక మాట. పాలు మాన్పించిన పిల్లల కోసం పోయిన నెల టౌనులో ఒక పశువుల మందుల అంగట్లో కిలో ప్రోబయోటిక్ పొడి, అంటే పేగుకు మేలు చేసే బతికిన బ్యాక్టీరియా ఉండే పొడి కొన్నాను. 850 రూపాయలు. పదకొండు పిల్లల్లో నాలుగు చచ్చిపోయినాయి. పొడి తినే చచ్చిపోయినాయని అనడం లేదు. పొడి వేస్తున్నాం కదా, పారుడు (విరేచనాలు) అదే కడుతుందిలే అని మూడు రోజులు డాక్టరును పిలవలేదు. ఆ మూడు రోజులే కొంప ముంచినాయి. ఆఖరుకు పిల్ల వెన్ను మీద చర్మం వేళ్ళతో పట్టి వదిలితే మడత అట్లే నిలబడింది. ఒంట్లో నీళ్ళన్నీ పోయినాయి.

పాలు మాన్పించే వారం ఎంత గండమో సాకేవాళ్ళకు తెలుసు. తల్లి కడుపులో ఉన్నప్పుడు పందిపిల్లకు రోగాలతో పోరాడే యాంటీబాడీలు చేరవు, మావి వాటిని దాటనివ్వదు. పుట్టిన మొదటి రోజు తాగే జున్నుపాలతోనే రావాలి. 24 గంటలు దాటేకొద్దీ పేగు వాటిని లోపలికి తీసుకోవడం మానేస్తుంది. ఆ తర్వాత పేగుకు కాపలా తల్లిపాలే. పాలు మాన్పించిన రోజు ఆ కాపలా పోతుంది, పిల్లకు సొంత శక్తి ఇంకా పూర్తిగా వచ్చి ఉండదు. సరిగ్గా ఆ సందులో ఈ.కోలై అనే చెడ్డ బ్యాక్టీరియా పేగు గోడకు అతుక్కుని విషం వదులుతుంది. లాక్టోబాసిల్లస్ లాంటి మంచి బ్యాక్టీరియా అక్కడ ముందే చోటు పట్టుకుంటే లాక్టిక్ ఆమ్లం పుట్టించి దాన్ని పెరగనివ్వదు, పేగులోని రోగనిరోధక కణాలను కూడా మేల్కొలుపుతుంది. అందుకే ప్రోబయోటిక్ మీద నాకు ఇప్పటికీ నమ్మకం పోలేదు. కానీ ఆ బ్యాక్టీరియా బతికి ఉండాలి గదా!

నేను కొన్నది బతికిలేదనే నా అనుమానం. ప్యాకెట్ మీద తేదీ స్టిక్కరు ఒక మూల లేచి ఉంటే గోరుతో గీకినాను. కింద ఇంకో తేదీ, ఎప్పుడో గడువు దాటింది. అప్పుడు గుర్తొచ్చింది, అంగడి ముందు రేకుల కింద ఎండలోనే పేర్చి ఉన్నాయి ఆ ప్యాకెట్లు. మన మే నెల ఎండలో! ఇంటికొచ్చి రెండు గ్లాసుల్లో గోరువెచ్చని పాలు పోసి, ఒకదాంట్లో పెరుగు తోడు, ఇంకోదాంట్లో ఆ పొడి వేసినాను. సాయంత్రానికి తోడు వేసింది గడ్డ కట్టింది. పొడి వేసింది పాలు పాలలాగానే ఉంది, అడుగున తెల్లగా పిండి పేరుకుంది. ఇది పక్కా పరీక్ష కాదని డాక్టరు చెప్పినాడు, అన్ని మంచి బ్యాక్టీరియాలూ పాలు తోడు పెట్టవంట. కానీ నా ప్యాకెట్ మీద పెద్దక్షరాల్లో లాక్టోబాసిల్లస్ అనే ఉంది.

కొనేటప్పుడు బ్యాక్టీరియా పేరు, గ్రాముకు బతికిన బ్యాక్టీరియా ఎన్ని కోట్లో చెప్పే సీఎఫ్‌యూ లెక్క, బ్యాచ్ నంబరు, గడువు తేదీ చూడండి. సీఎఫ్‌యూ లేకుంటే ఆ ప్యాకెట్ ముట్టొద్దు. మన ఎండలకు బాసిల్లస్ సబ్టిలిస్ లాంటివి నయం, అవి బీజాల రూపంలో ఉంటాయి కాబట్టి వేడికి అంత తొందరగా చావవు. లాక్టోబాసిల్లస్ రకం అయితే చల్లగా దాచిన అంగట్లోనే కొనాలి. నేను చేసిన ఇంకో తప్పు, పొగలు కక్కే జావలో పొడి కలపడం. మంచి పొడి అయినా ఆ వేడికి చచ్చేదే.

అంగడాయన ఇంకో పొట్లం కూడా ఇచ్చినాడు, పేరూ ఊరూ లేని గులాబీ రంగు పొడి. రెండూ కలిపి వేస్తే పారుడు ఆగుతుందన్నాడు. యాంటీబయాటిక్ అని డాక్టరు అన్నాడు. దాన్ని ప్రోబయోటిక్‌తో కలిపి వేస్తే మంచి బ్యాక్టీరియాను కూడా అదే చంపేస్తుంది. ఇట్లాంటి పొట్లాలు అసలు తీసుకోవద్దు. కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌ను అయితే మన దేశంలో 2019లోనే తిండికోసం పెంచే జంతువులకు అమ్మకుండా నిషేధించినారు.

పారుడు మొదలైతే పొడి వేసి ఎదురుచూడకండి. ఆ రోజే పశువుల అంబులెన్సు నంబరు 1962కు ఫోన్ చేయండి, డాక్టరు వచ్చేలోపు ఉప్పు, చక్కెర కలిపిన నీళ్ళు తాపుతూ ఉండండి. సగం ప్యాకెట్, గీకిన స్టిక్కరు, బిల్లు నా దగ్గర భద్రంగా ఉన్నాయి, ఫిర్యాదు రాస్తున్నాను. ఈ ఎండాకాలంలో రేకుల కింద పెట్టిన పొడి తెచ్చుకున్నవాళ్ళు మీ ప్యాకెట్ ఈ రాత్రే తీసి చూడండి. కింద ఇంకో తేదీ కనిపిస్తే పారేయకుండా బిల్లుతో సహా దాచిపెట్టి నాకు చెప్పండి, ఇద్దరం కలిసి రాద్దాం.