గుట్ట నెత్తిన అరుదైన మొక్క: వదిలి తవ్వడమా, తరలించి నాటడమా?

చింతపల్లి మన్యంలోని జెర్రెల కొండల్లో బాక్సైట్ తవ్వకానికి 1,212 హెక్టార్ల అటవీ భూమిని మళ్లిస్తూ 2015లో జీవో 97 వెలువడింది. 2019లో అది రద్దయినా, అప్పుడు తలెత్తిన ప్రశ్నల్లో ఒకటి ప్రతి కొత్త గనికీ వర్తిస్తుంది. లీజు హద్దుల్లో అరుదైన మొక్క ఉంటే, ఆ చోటును వదిలి మిగతాది తవ్వాలా, లేక మొక్కను వేరే చోటికి తరలించి, తవ్విన నేలను తర్వాత పచ్చగా చేస్తే సరిపోతుందా?

అసలు ఆ మొక్క సర్వేలో కనబడటమే కష్టం. గనుల పర్యావరణ నివేదికకు వానాకాలం మినహా ఒక ఋతువు సమాచారం సేకరిస్తే చాలన్నది మన దేశంలో వాడుక. గాలిలోని ధూళిని కొలవడానికి అది సరిపోవచ్చు గాని, అగ్నిశిఖ వంటి దుంపజాతులు, నేల ఆర్కిడ్లు, ఎన్నో గడ్డిజాతులు తొలకరి తర్వాతే పైకి వచ్చి, వేసవికల్లా మళ్లీ నేలలోకి వెళ్లిపోతాయి. మార్చిలో కొండెక్కిన వారి లెక్కలో అవి లేనట్టే. చట్టం రక్షించే జాబితాలోని ‘షెడ్యూలు మొక్కలేవీ లేవు’ అని నివేదికలో రాసే వాక్యాన్నీ అనుమానించాల్సిందే. 2022 సవరణకు ముందు వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూలులో ఉన్నవి ఆరంటే ఆరు రకాల మొక్కలు. శేషాచలం కొండల సైకాస్ బెడ్డోమి వాటిలో ఒకటి. ఆ చిన్న జాబితాలో పేరు లేనంత మాత్రాన మొక్క అరుదైనది కాకపోదు.

తరలింపు వైపు చెప్పే వాదనలో బలం లేకపోలేదు. విత్తనంతో సులువుగా మొలిచి, పలు రకాల నేలల్లో బతికే చెట్టయితే నర్సరీలో పెంచి నాటవచ్చు. అయితే చాలా మొక్కలు అరుదుగా ఉండటానికి కారణమే అవి కోరుకునే చోటు అరుదు కావడం. పశ్చిమ ఆస్ట్రేలియాలోని హెలెనా, అరోరా కొండల్లో ఇనుప రాతి పగుళ్లలో పెరిగే ఆకుల్లేని టెట్రాథెకా ఇందుకు ఉదాహరణ. ఆ మొక్కను కుండీలో పెంచినా, దానికి కావలసిన పగులును, ఆ పగులులోని తేమను, నీడను ఎవరూ తయారుచేసి ఇవ్వలేరు. అక్కడి ఇనుప గని ప్రతిపాదనకు ప్రభుత్వం చివరికి అనుమతి నిరాకరించింది.

తవ్విన నేలను తిరిగి పచ్చగా చేయడంలో ముందున్నదీ పశ్చిమ ఆస్ట్రేలియాయే. అక్కడి జార్రా (ఒక స్థానిక యూకలిప్టస్ చెట్టు) అడవుల్లో 1963లో బాక్సైట్ తవ్వకం మొదలైంది. తొలినాళ్లలో పైన్, బయటి యూకలిప్టస్ జాతులు నాటినవారు తర్వాత స్థానిక జాతులకు మళ్లారు. వారు నేర్చుకున్న ముఖ్యమైన పాఠం పైమన్నుకు సంబంధించినది: విత్తనాల్లో అత్యధిక భాగం పైనున్న కొద్ది సెంటీమీటర్లలోనే ఉంటుంది కాబట్టి, ఆ మన్నును ఒక గుంత నుంచి తీసి, కుప్ప పోయకుండా, సిద్ధమైన మరో గుంతలో వెంటనే పరచాలి. నెలల తరబడి కుప్పలో మగ్గితే విత్తనాల్లో చాలావరకు చచ్చిపోతాయి. ఇంత చేసినా, విత్తనంతో కాక వేరు నుంచి చిగుర్చుకునే తుంగజాతుల్లో కొన్ని తిరిగి రాలేదు. వాటిని టిష్యూ కల్చర్‌తో, అంటే మొక్క కణజాలపు ముక్క నుంచి ప్రయోగశాలలో పెంచి నాటవలసి వచ్చింది. పైగా ఆ గుంతలు కొద్ది మీటర్ల లోతువే, చుట్టూ అడవి నిలిచే ఉంది. బల్లపరుపు నెత్తితో విడివిడిగా నిలిచిన మన తూర్పు కనుమల కొండలకు ఆ వెసులుబాటు లేదు.

ఆ కొండల నెత్తిన సహజంగా చెట్లు తక్కువ, గడ్డి, పొదలే ఎక్కువ. అక్కడ జామాయిల్, సిల్వర్ ఓక్ నాటి ‘పచ్చదనం పెరిగింది’ అనడం ఉన్నదాన్ని తిరిగి ఇచ్చినట్టు కాదు. తవ్విన నేలలో గడ్డిని తిరిగి పెంచాలన్న షరతును లీజుల్లో పెట్టాలని సుప్రీంకోర్టు 2020 జనవరిలో చెప్పింది. ఇటువంటి కొండలకు చెట్ల లెక్క కన్నా అదే సరిపడే కొలత.

మరో చిక్కు నీటిది. కొండ నెత్తిన పడిన వాన లోపలికి ఇంకి కింద ఊటలుగా పారుతుంది. గాలికొండ, అనంతగిరి వైపు చెట్టంత ఎత్తు పెరిగే ఫెర్నులు అటువంటి చల్లని వాగు గట్లనే నమ్ముకున్నాయి. అవి లీజుకు బయట ఉంటే నివేదికలోకి రావు, తరలింపు జాబితాలోకీ రావు, కాని పైన తవ్వకం వల్ల ఊట తగ్గితే ముందు ఎండేది అవే. మొక్క చుట్టూ కంచె వేసి వదిలినా ఫలితం లేకపోవడానికి కూడా ఇదే కారణం. వదలవలసింది మొక్కనే కాదు, దానికి నీరిచ్చే పరీవాహక భాగాన్ని కూడా.

అందువల్ల రాతి పగులునో ఊటనో అంటిపెట్టుకున్న జాతికి వదిలివేయడమే మేలు; అలా వదిలితే గని గిట్టుబాటు కాదంటే, ఆ గని అక్కడ వద్దని తేలినట్టే. చోటు పట్టింపు లేక, విత్తనంతో మొలిచే జాతికి మాత్రం పైమన్నుతో కూడిన పునరుద్ధరణ సరిపోతుంది. ఏ జాతి ఏ కోవలోదో తేల్చడానికి ఒకటి కాదు, కనీసం రెండు వానాకాలాలు ఆ కొండ మీద తిరగాలి. విత్తనం సేకరించి మొలకెత్తించి చూసే పని కూడా ఆ రెండేళ్లలోనే, అంటే మొదటి యంత్రం కొండెక్కక ముందే పూర్తి కావాలి.