లామోట్రిజిన్, కార్బమజెపిన్, లిథియం: చర్మం సంగతి చూస్తే ఏది మేలు?

మా తమ్ముడికి బైపోలార్ (మూడ్ కొన్నాళ్ళు మరీ హుషారుగా, కొన్నాళ్ళు మరీ డీలాగా మారే జబ్బు) అని తేలినప్పుడు మందులతో బరువు పెరుగుతాడా, మత్తుగా ఉంటాడా అని అడిగాం గానీ చర్మం గురించి అడగాలని తట్టనే లేదండి. అప్పటికే మూడ్‌ని నిలకడగా ఉంచే వాల్‌ప్రోయేట్ అనే మందు వాడుతున్నాడు, దానికి తోడు అలాంటిదే ఇంకోటి, లామోట్రిజిన్, రోజూ 25 ఎంజీ రాశారు. మూడో వారం ఛాతీ మీద ఎర్రగా దద్దుర్లు వస్తే చెమటకాయలేమో అని పౌడర్ రాశాం, రెండ్రోజులకి జ్వరం, కళ్ళు మంట, పెదాల లోపల పుండ్లు, మజ్జిగ కూడా మింగలేకపోయాడు. వెంటనే పరిగెత్తాం, మందు ఆపారు, అడ్మిట్ చేసుకున్నారు, బతికాడు.

దాన్ని స్టీవెన్స్ జాన్సన్ సిండ్రోమ్ అంటారు. మందు వల్ల రెచ్చిపోయిన ఇమ్యూన్ కణాలు సొంత చర్మాన్నే చంపేస్తాయి, పొరలుపొరలుగా ఊడిపోతుంది, ప్రాణాల మీదకే వస్తుంది, ఒంటి చర్మంలో 30 శాతం దాటితే ముప్పు ఇంకా ఎక్కువ.

లామోట్రిజిన్‌తో ప్రమాదకరమైన దద్దుర్లు పెద్దవాళ్ళలో సుమారు వెయ్యిమందిలో ఒకరికి, పిల్లల్లో ఇంకా ఎక్కువ. చాలావరకు 2 నుంచి 8 వారాల లోపే వస్తాయి. డోసు మెల్లగా పెంచితే రిస్క్ బాగా తగ్గుతుంది. వాల్‌ప్రోయేట్ దాన్ని రక్తంలో దాదాపు రెట్టింపు చేస్తుంది కాబట్టి ఆ రెండూ కలిస్తే 25 ఎంజీ రోజు విడిచి రోజు మొదలెట్టాలట, మాకది తర్వాత తెలిసింది. మధ్యలో కొన్ని రోజులు మానేస్తే పాత డోసు మింగేయకూడదు, డాక్టర్‌ని అడిగి మళ్ళీ మొదటి నుంచే రావాలి.

ఇదే జబ్బుకి వాడే కార్బమజెపిన్‌తో అయితే ఈ రిస్క్‌ని ముందే పట్టుకునే దారుంది. హెచ్‌ఎల్‌ఏ-బి 1502 అనే జీన్ ఉన్నవాళ్ళకి ఈ రియాక్షన్ ఎక్కువని 2004లో తైవాన్‌లో తేలింది, ఆ జీన్ మనవాళ్ళలోనూ కొందరికి ఉంటుంది. మొదటి మాత్రకి ముందే ఆ బ్లడ్ టెస్ట్ అడగండి, ఆ టెస్ట్ లేకుండా నేనైతే ఒప్పుకోను.

లిథియంతో చర్మం ఊడటం లాంటిది చాలా చాలా అరుదు. కాకపోతే సోరియాసిస్ (చర్మం ఎర్రబడి పొలుసులు లేచే జబ్బు) రేపుతుంది, ఉన్నదాన్ని ముదరబెడుతుంది, మొటిమలూ వస్తాయి. ఇంట్లో ఎవరికైనా సోరియాసిస్ ఉంటే ముందే చెప్పాలి. కిడ్నీ, థైరాయిడ్, లిథియం లెవెల్ టెస్టులు ఎటూ తప్పవు.

చర్మం ఒక్కటే చూస్తే నా ఓటు లిథియంకే. డిప్రెషనే ఎక్కువగా వేధిస్తుంటే మాత్రం మెల్లగా పెంచే లామోట్రిజిన్‌ని భయంతో వదులుకోవద్దు, కొత్త దద్దురు కనిపిస్తే మాత్రం అదే రోజు డాక్టర్‌కి చూపించండి, జ్వరమో నోటి పుండ్లో తోడైతే నేరుగా క్యాజువాలిటీకే.

తమ్ముడు ఇప్పుడు లిథియం మీదున్నాడు. లామోట్రిజిన్ మళ్ళీ ఇవ్వొద్దని వాడి ఫైల్ మొదటి పేజీ మీద ఎర్ర ఇంకుతో రాసిపెట్టాం.