చెన్నై లైట్‌హౌస్‌కి పిల్లల్ని తీసుకెళ్లాలనుకునే టీచర్లకి: మా ట్రిప్ ఎలా జరిగిందంటే

ముందు రేటింగు చెప్పేస్తాను, తర్వాత వివరాలు. చెన్నై మెరీనా లైట్‌హౌస్‌కి ఐదుకి ఐదు. మమ్మల్ని అక్కడికి తీసుకెళ్లిన ప్యాకేజీ ట్రావెల్స్‌కి ఒకటిన్నర, అది కూడా డ్రైవర్ అన్న రాను పోను జాగ్రత్తగా నడిపినందుకు.

నేను ఇందుకూరుపేట మండలంలో సముద్రం పక్కనున్న ఊళ్లో, జెడ్పీ హైస్కూల్లో పదో తరగతికి లెక్కలు చెప్తాను. మా పిల్లల్లో సగం మందికి పైగా చేపల వేటకు పోయే ఇళ్లవాళ్లే. నవంబరు ఆఖరి శనివారం 42 మంది పిల్లలు, నలుగురు టీచర్లం వెళ్లొచ్చాం. ఇలాంటి ట్రిప్ పెట్టాలనుకునే టీచర్లకి, డబ్బులు కట్టి పంపాలా వద్దా అని ఆలోచించే తల్లిదండ్రులకి పనికొస్తుందని రాస్తున్నాను, కాస్త పొడుగైనా చదవండి.

లైట్‌హౌసే ఎందుకంటే, దీనికి మూలం ఒక లెక్క. పదో తరగతి లెక్కల పుస్తకంలో త్రికోణమితి అనువర్తనాల పాఠంలో ఉంటుంది: 75 మీటర్ల లైట్‌హౌస్ పైనుంచి చూస్తే ఒకదాని వెనక ఒకటి ఉన్న రెండు ఓడలు 30, 45 డిగ్రీల నిమ్నకోణాల్లో (అంటే అడ్డగీత నుంచి చూపు కిందికి వంగే కోణం) కనిపించాయి, వాటి మధ్య దూరమెంత అని. జవాబు 75(√3 − 1), అంటే 55 మీటర్లకు కొంచెం తక్కువ. ఏటా బోర్డు మీద చేస్తాను, ఏటా పిల్లలు రాసుకుంటారు. ఈ ఏడాది వెనక బెంచీలోంచి ఒకడు లేచి, "సార్, రెండు షిప్పులు 55 మీటర్ల దూరంలో ఎట్టుంటాయి సార్, గుద్దుకోవా?" అన్నాడు. ఇంకొకడు అందుకుని, "ముందు షిప్పు లైట్‌హౌస్‌కి 75 మీటర్లలోనే ఉందిగదా, అంత దగ్గరికొస్తే ఇసకలో కూరుకుపోద్ది" అన్నాడు. వాళ్ల నాన్నలకి ఫైబర్ బోట్లున్నాయి, వాళ్లకి తెలియక మాట్లాడింది కాదు. పాఠంలో ఉన్న సముద్రానికీ వాళ్లకి తెలిసిన సముద్రానికీ అంత తేడా ఉందని నాకు ఆ రోజే బాగా పట్టింది. సరే, పోయి నిజంగా కొలిచి చూద్దాం అన్నాను.

వెళ్లేముందు మేం చేసిన పనుల్లో అన్నిటికంటే మంచి పని, వేటకు పోయే ఒక తండ్రిని క్లాసుకు పిలవడం. గాలి ఎక్కువుందని ఆయన ఆ రోజు బోటు తీయలేదు. మొదట మొహమాటపడి గుమ్మం దగ్గరే నిలబడ్డాడు, "నేనేం చెప్తాను సారా, నేను మూడో తరగతి గదా" అని. పిల్లలు ఒక్కో ప్రశ్న వేస్తుంటే నెమ్మదిగా మాటల్లో పడ్డాడు. రాత్రిపూట కృష్ణపట్నం లైటు చూసి ఎటున్నామో ఎలా తెలుసుకుంటారో, పగలైతే చెట్టూ గుడీ ఒక వరసలోకి వచ్చేదాకా చూసి ఎలా గురుతు పెట్టుకుంటారో చెప్పాడు. ఫోన్లో జీపీఎస్ ఉంది కదా, ఇంకా లైటు ఎందుకు అని ఒకమ్మాయి అడిగితే, "ఫోను తడిసిపోద్దమ్మా, ఛార్జింగు అయిపోద్ది, లైటు అట్టా కాదు" అన్నాడు. తర్వాత ఆయన అన్న ఒక మాటని నేను బోర్డు మీద రాసి, ట్రిప్ అయ్యేదాకా తుడపనివ్వలేదు: "గట్టు మునిగిపోయినాక కూడా లైటు తేలతానే ఉంటది." గట్టు మునగడం ఏంటి, లైటు తేలడం ఏంటి, జవాబు లైట్‌హౌస్ దగ్గర వెతుకుదాం అన్నాను.

సైన్స్ మేడం తన వంతు ఇంకొకటి చేయించారు. సాయంత్రం వరండాలో చిన్న ఎల్‌ఈడీ దీపం ముందు కుంభాకార కటకం పెట్టి, దాన్ని ముందుకీ వెనక్కీ జరుపుతూ, గోడ మీద పడే వెలుగు మచ్చ దగ్గర గోడ మీదా దూరపు గోడ మీదా ఒకే సైజులో ఉండే చోటు పట్టుకోమన్నారు. దీపం సరిగ్గా కటకం నాభి (ఫోకస్) దగ్గరికి వచ్చినప్పుడు కిరణాలు సమాంతరంగా పోతాయని పుస్తకంలో ఒక లైను. అది దొరకబుచ్చుకోవడానికి పిల్లలకి పావుగంట పట్టింది, దొరికినప్పుడు వరండా అంతా కేకలు.

ఇక ట్రావెల్స్ సంగతి. పేరు రాయను. మాట్లాడుకున్నప్పుడు లైట్‌హౌస్ దగ్గర రెండు గంటలు అన్నారు. పొద్దున నాలుగున్నరకి బస్సెక్కాక ప్యాకేజీ మనిషి చేతిలో ఇంకో లిస్టు ఉంది, దాంట్లో మేం అడగని షాపింగ్ చోటొకటి, లైట్‌హౌస్‌కి ఇరవై నిమిషాలు. "పిల్లలు పైకెక్కి ఫోటో దిగి వచ్చేస్తారు గదా సార్, అంతకంటే ఏముంటది అక్కడ" అన్నాడు. నాకు నిజంగా బాధేసింది, ఎందుకంటే చాలా స్కూలు ట్రిప్పులు ఇలాగే అయిపోతున్నాయి, పిల్లలు దిగడం, ఫోటో, మళ్లీ ఎక్కడం. సైన్స్ మేడం గట్టిగా నిలబడితే షాపింగ్ తీసేశారు. పార్కింగ్ అని తర్వాత అదనంగా వసూలు చేశారు, ముందు చెప్పలేదు. ఎవరితో వెళ్లినా ఒక్కో చోట ఎన్ని గంటలో కాగితం మీద రాయించుకుని సంతకం పెట్టించుకోండి.

దారిలో బస్సు టైముని మాత్రం సోషల్ సార్ వృథా పోనివ్వలేదు. గూడూరు దాటాక తూర్పు వైపు చెయ్యి చూపించి, అటు సముద్రం ఒడ్డున దుగరాజపట్నం ఉంది, ఇంగ్లీషువాళ్లు దాన్నే ఆర్మగాన్ అన్నారు, మద్రాసు పుట్టకముందు ఈస్టిండియా కంపెనీ స్థావరం అక్కడే ఉండేది అని మొదలుపెట్టారు. అక్కడ పనిచేసిన ఫ్రాన్సిస్ డే 1639లో దక్షిణానికి పోయి, దామెర్ల వెంకటాద్రి నాయకుడి దగ్గర స్థలం పొందాడు, ఆ నాయకుడి తండ్రి దామెర్ల చెన్నప్ప నాయకుడి పేరు మీదే చెన్నపట్నం. మన పాత నెల్లూరు జిల్లా తీరం నుంచి పోయినవాళ్లే ఆ ఊరికి పునాది వేశారంటే పిల్లలు కిటికీల్లోంచి తూర్పుకే చూస్తూ కూర్చున్నారు. తర్వాత లైట్‌హౌస్‌ల వరస చెప్పారు: మొదటిది 1796లో సెయింట్ జార్జ్ కోటలో ఇప్పుడు మ్యూజియం ఉన్న భవనం మీద, కొబ్బరి నూనె దీపాలతో. రెండోది 1844లో రాతి స్తంభం, అది ఇప్పటికీ హైకోర్టు ఆవరణలో నిలబడే ఉంది. మూడోది 1894లో హైకోర్టు గోపురం మీదే. ఇప్పుడున్న నాలుగోది 1977 జనవరిలో వచ్చింది. కోట దగ్గర దిగే టైం లేదు, హైకోర్టు ఎర్ర గోపురాలు మాత్రం కిటికీలోంచి చూపించగలిగాం. నాకు మిగిలిన వెలితి అదే.

లైట్‌హౌస్ ఎర్ర తెలుపు పట్టీలతో మూడు మూలల కాంక్రీటు టవరు. ఆ పట్టీలు అందానికి కాదు, పగటిపూట లైటు పనిచేయదు కాబట్టి రంగుని బట్టి ఓడవాళ్లు గుర్తుపట్టడానికి. చెట్టూ గుడీ కథ విన్న పిల్లలకి ఇది మళ్లీ చెప్పాల్సిన పని పడలేదు. పాత దీపాలు, కటకాలు పెట్టిన మ్యూజియం ఉంది, పైకి పోవడానికి లిఫ్ట్ ఉంది. మా క్లాసులో మెట్లు ఎక్కలేని అబ్బాయి ఒకడున్నాడు. ట్రిప్ అన్నప్పుడల్లా ఇంట్లోనే ఉండిపోయే పిల్లాడు మొదటి బ్యాచ్‌లోనే పైకెళ్లి నిలబడ్డాడు, నాకు ఆ ఒక్కటీ చాలు.

మ్యూజియంలో అద్దాల వలయాల దగ్గర పిల్లలు ఎక్కువ సేపు ఆగారు. మామూలు కటకం అంత పెద్దది చేస్తే మోయలేనంత బరువవుతుంది, గాజులోనే కొంత వెలుగు పోతుంది. ఫ్రెనెల్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త కటకాన్ని వలయాలుగా విడగొట్టి, వంపు ఉన్నంత మేర ఉంచి మధ్యలో పనికిరాని గాజు మందం తీసేశాడు. 1823లో ఫ్రాన్స్‌లోని కోర్డువాన్ లైట్‌హౌస్‌లో మొదట పెట్టారు. వరండాలో నాభి కోసం కుస్తీ పట్టిన పిల్లలు కదా, ఒకమ్మాయి వంగి చూసి, "మేడం, దీపం సరిగ్గా ఇక్కడే పెట్టాలి" అని గాల్లో వేలు పెట్టి చూపించింది.

పైన గ్యాలరీలో మా అసలు పని. ఒక్కో జట్టు దగ్గర కోణమానిని, దానికి స్ట్రా అతికించి, మధ్యలోంచి దారంతో ఒక వాషర్ వేలాడదీసిన పరికరం, అందరూ ఇంట్లో చేసుకొచ్చిందే. ఎత్తు 45 మీటర్లు అనుకుని, అల ఒడ్డుని తాకే గీత మీదికి స్ట్రా పెట్టి చూడమన్నాను. ముందు 45 డిగ్రీలు పెట్టి చూశారు, కింద నేల తప్ప ఏమీ లేదు, నీళ్లు ఎక్కడో దూరంగా ఉన్నాయి. పుస్తకంలో ఓడ ఉండాల్సిన చోట నేల ఉంది! నీటి గీతకి కోణం ఏడు డిగ్రీల దగ్గర వచ్చింది. 45ని టాన్ 7తో భాగిస్తే 366 మీటర్లు. కానీ ఒక జట్టుకి 6 వచ్చింది, అంటే 428 మీటర్లు. ఇంకో జట్టుకి 8, అంటే 320. గాలికి దారం ఊగి ఒక్క డిగ్రీ అటూ ఇటూ అయితే దూరం వంద మీటర్లు మారిపోతోంది. ఎవరిది కరెక్ట్ సార్ అని గొడవ. కోణం చిన్నదయ్యేకొద్దీ కొలతలో చిన్న పొరపాటు ఎంత పెద్దదవుతుందో నేను క్లాసులో ఎన్ని పీరియడ్లు చెప్పినా ఇలా ఎక్కదు. పుస్తకంలో 30, 45, 60 తప్ప వేరే కోణాలు ఎందుకుండవు అని కూడా అక్కడే అడిగారు.

సోమవారం క్లాసులో బోర్డు మీద ఆ తండ్రి మాట ఇంకా ఉంది. దాని కింద ఒక వృత్తం గీశాను, అది భూమి. దాని మీద ఒక చిన్న గీత, అది లైట్‌హౌస్. పైనుంచి వృత్తానికి స్పర్శరేఖ గీయమన్నాను, వ్యాసార్ధానికి లంబంగా ఉంటుందని వాళ్లకి తెలుసు, మిగతాది పైథాగరస్: దూరం వర్గం దాదాపు 2 × వ్యాసార్ధం × ఎత్తు అని వస్తుంది. చెన్నైలో దీపం సముద్రమట్టానికి 57 మీటర్ల ఎత్తున ఉంది, భూమి వ్యాసార్ధం 6371 కిలోమీటర్లు. 2 × 6371 × 0.057 అంటే 726, దాని వర్గమూలం దాదాపు 27. బోటు మీద నిలబడ్డ మనిషి కళ్లు నీటికి రెండు మీటర్ల పైన ఉంటాయి, ఆయన వైపు నుంచి ఇంకో 5. మొత్తం 32 కిలోమీటర్లు. గట్టు మీది ఇసక ఎత్తు లేదు కాబట్టి 5 కిలోమీటర్లకే మునిగిపోతుంది, దీపం మాత్రం 32 దాకా కనిపిస్తుంది. గట్టు మునగడం, లైటు తేలడం అంటే ఇదే. ఆ తండ్రి కొడుకు లెక్క నోట్సులో రాసుకోలేదు, వేరే కాగితం మీద రాసుకుని ఇంటికి పట్టుకుపోయాడు.

వెళ్లాలనుకునేవాళ్లకి: సోమవారం మూసి ఉంటుంది, మధ్యాహ్నం విరామం ఉంటుంది, ముందే ఫోన్ చేసి కనుక్కోండి. గ్యాలరీలో అందరూ ఒకేసారి పట్టరు, పది పన్నెండు మంది జట్లుగా పంపి మిగతావాళ్లకి మ్యూజియంలో పని ఇవ్వండి. గాలి బాగా వీస్తుంది, కాగితాలు క్లిప్పు బోర్డుకి పెట్టుకోవాలి, మావి రెండు ఎగిరిపోయాయి. వచ్చే ఏడాది మేం ట్రావెల్స్ పెట్టుకోం. నెల్లూరులో రైలెక్కి చెన్నై సెంట్రల్‌లో దిగి, పక్కనే పార్క్ టౌన్‌లో లోకల్ రైలు పట్టుకుంటే లైట్‌హౌస్ పేరుతోనే స్టేషన్ ఉంది. ఈసారి పొద్దున కోట మ్యూజియం దగ్గర మొదలుపెట్టి, కొబ్బరి నూనె దీపం నుంచి వరసగా చూపిస్తాం అని సోషల్ సార్ ఇప్పటికే రూటు గీసి స్టాఫ్ రూములో అంటించారు.